కర్టెన్ వెనక అమ్మ

నా జుట్టు ఒకప్పుడు మోకాళ్ళు దాటి ఉండేది. గొప్పకు చెప్పడం లేదు. జుట్టు గురించి గొప్పలు చెప్పుకునే వయసూ దాటిపోయింది, ఆ జుట్టూ పోయింది. కాకపోతే మా వాడి సంగతి చెప్పాలంటే అక్కడే మొదలుపెట్టాలి, వేరే దారి లేదు.

మా వాడు చంద్రశేఖర్, ఇంట్లో చందు. ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి. పొద్దున్నే నా కుట్టుమిషనుకి నూనె వేస్తాడు, బాబిన్లకు దారం చుట్టి రంగుల వారీగా డబ్బాలో పేరుస్తాడు, మధ్యాహ్నం వాళ్ళ నాన్న బస్సు వచ్చే వేళకి బస్టాండుకు వెళ్ళి క్యారేజీ ఇచ్చి వస్తాడు. ఒక్కడే వెళ్తాడు, ఒక్కడే వస్తాడు. ఈ ఒక్క వాక్యం రాయగలగడానికి మాకు ఆరేళ్ళు పట్టింది. గుడివాడ ఆస్పత్రి బెంచీ మీద ఒకావిడ, మీరు చదువుకున్నారు కదండీ, ఇదంతా ఎక్కడన్నా రాసిపెట్టండి, నాలాంటివాళ్ళకి పనికొస్తది అంది. నేను చదివింది పదో తరగతే. అయినా మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మాది బందరు. మచిలీపట్నం అని బోర్డుల మీదే ఉంటుంది, మేమంతా బందరనే అంటాం. మా ఆయన కోడూరు బస్సుకి కండక్టరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మావయ్యగారు పోయాక అత్తయ్య దివిసీమలో ఆ కోడూరు ఇల్లు వదిలేసి మా దగ్గరికే వచ్చేసింది. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మిషను, వెనక గది వంటకి, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఆ గుమ్మానికి నేనే మిగిలిపోయిన జాకెట్టు ముక్కలన్నీ కలిపి కర్టెన్ కుట్టి తగిలించాను. ఆ కర్టెన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

ఆటిజం అన్న మాట వాడికి పన్నెండేళ్ళు వచ్చేదాకా మా చెవిన పడలేదు. మొండి అన్నారు, మందం అన్నారు, దిష్టి అన్నారు. మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక కూడా అవసరమైనన్నే. నేను దాన్ని జబ్బే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది గాని, మేం పడిన అవస్థ మాత్రం జబ్బుకి తక్కువేం కాదు.

*వాడి పన్నెండో ఏడు*

స్కూలు నుంచి డ్రాయింగు మాస్టారు కబురు పెట్టారు. బస్సు బొమ్మ గియ్యమంటే మా వాడు పేజీ నిండా ఏవేవో గీసిపెట్టాడట. వెళ్ళి చూశాను. ఒక మూల బస్సు వెనకుండే నిచ్చెన, ఒక మూల కిటికీ ఊచలు, మధ్యలో సొట్టపడిన బంపరు, కింద సగం నంబరు ప్లేటు. ఏ ముక్కకా ముక్క ఫోటో తీసినట్టుంది, బస్సు మాత్రం ఎక్కడా లేదు. బస్సేదిరా అని మాస్టారు అడిగితే వాడు ఆ సొట్ట మీద వేలు పెట్టి "నాన్న బస్సు" అన్నాడు. వేళాకోళం చేస్తున్నాడని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని, ఇంటికొచ్చాక వీపు మీద ఒకటి వేశాను. ఆ దెబ్బ వాడికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకిప్పటికీ లేదు.

చూపు ఆనడం లేదేమోనని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. చందు ఆ మూడు గంటలూ ఎదుటివాళ్ళ చెప్పుల బకిల్సు చూస్తూనే ఉన్నాడు. లోపల అక్షరాల బోర్డు చదవమంటే పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేసి, అక్కడితో ఆగకుండా, బోర్డు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. డాక్టరుగారు లేచి దగ్గరికెళ్ళి చూసుకోవాల్సి వచ్చింది. వీడి కళ్ళు నాకన్నా బాగున్నాయమ్మా, చిక్కు కళ్ళలో కాదు అని, గుడివాడలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చారు.

గుడివాడలో ఆ మాట విన్నాం. ఆటిజం. పిల్లల డాక్టరుగారు మందు రాయలేదు. శనివారాలు విజయవాడ నుంచి ఒక మేడం వస్తారు, ఆవిణ్ణి కలవమన్నారు. మేడం ఒక పూటంతా వాడితో కూర్చుని, చివర్లో నాకు ఒక నోటుబుక్కు ఇచ్చి, చందు మనుషుల్ని దేన్నిబట్టి పోల్చుకుంటున్నాడో గమనించి రాసుకురమ్మన్నారు. నాకు ఒళ్ళు మండింది. అంత దూరం బస్సులో పడి వెళ్తే నాకు హోంవర్కు ఇస్తుందేమిటీ అనుకున్నాను. మందు రాయని డాక్టరు దగ్గరికి ఎవరు మాత్రం రెండోసారి వెళ్తారు చెప్పండి. ఆ నోటుబుక్కులో నేను జాకెట్ల కొలతలు రాసుకున్నాను.

*పదమూడో ఏడు, వేసవి*

చందు బయటికొస్తే నా జడ చివర పట్టుకుని నడిచేవాడు. చిన్నప్పటి నుంచీ అంతే. పదమూడేళ్ళొచ్చి నా భుజం దాటి ఎదిగినా మానలేదు. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, పలుపు పట్టుకుని ఎవరు ఎవర్ని తోలుతున్నారని. నాకు లోపల మహా గర్వంగా ఉండేది. ఎవర్ని చూసినా చూడనట్టే ఉండే పిల్లాడు నన్ను మాత్రం వదలడు, అమ్మంటే అమ్మే కదా అని.

ఒక రోజు బస్టాండులో వాళ్ళ నాన్న బస్సు కోసం నిలబడ్డాం. ఉక్కపోతగా ఉందని జడ పైకి తీసి ముడి పెట్టుకున్నాను. కుళాయి దగ్గర రెండు దోసిళ్ళు నీళ్ళు తాగి తిరిగి చూసేసరికి వాడు లేడు.

ఆ నాలుగు గంటల గురించి ఎక్కువ రాయను. చెప్పులు ఎక్కడ పోయాయో నాకు తెలీదు. బస్టాండంతా, రేవు రోడ్డంతా తిరిగాను. మా ఆయన డ్యూటీ దిగి నాతో పాటు పరిగెత్తారు. సాయంత్రం కృత్తివెన్ను బస్సు వచ్చి ఆగితే అందులోంచి దిగాడు చందు, వేరే కండక్టరు చెయ్యి పట్టుకుని. ఖాకీ చొక్కా, తోలు బ్యాగు, చేతిలో టికెట్ల కట్ట. వాడి లెక్కలో అవన్నీ ఉంటే నాన్నే.

"ఎవరబ్బాయో తెలీలేదండీ. నన్నే నాన్నా అంటాడు, చెయ్యొదలడు. సగం దారిలో దింపలేను గదా, కృత్తివెన్ను తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టి మళ్ళీ తీసుకొచ్చా" అన్నాడాయన.

మేం ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాం. ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా విప్పి మంచం మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. పదమూడేళ్ళు పెంచాను, వాడు పోల్చుకున్నది ఈ చొక్కానన్నమాట అన్నారు. ఆ రోజు నుంచీ సెలవు రోజు కూడా భుజానికి ఖాళీ తోలు బ్యాగు తగిలించుకుని వాడితో బయటికెళ్ళేవారు. నేను నవ్వాను. మీకు బ్యాగు కావాలి, నాకేం అక్కర్లేదు అన్నాను కూడా. ముడి పెట్టుకున్నప్పుడే వాడు తప్పిపోయాడన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

*పద్నాలుగో ఏడు, మాఘమాసం*

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. ఎవడు ఖాకీ వేసుకుని పిలిచినా వెళ్ళిపోతాడు. రేపు మేం లేకపోతే వీడి గతేమిటి. కుడుతున్నంతసేపూ అదే ఆలోచన, రెండు జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టాను. ఒక పూట మిషను మీద తల పెట్టి ఏడుస్తూ, వాడు మనుషుల్ని పోల్చుకునేలా చెయ్యి తండ్రీ, నా తలనీలాలిస్తాను అని చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాను.

మొక్కు మామూలుగా పని జరిగాక తీరుస్తారు. మా అత్తయ్య వేరే సలహా ఇచ్చింది. ముందే ఇచ్చేసెయ్ అమ్మాయ్, పుచ్చుకున్నాక చెయ్యకుండా ఉండటానికి స్వామికీ మొహమాటంగా ఉంటది అంది. దేవుణ్ణి కూడా మొహమాటపెట్టే మనుషులం మేం. నాకూ అది సబబుగానే తోచింది.

చిన్న తిరుపతి, అదే ద్వారకా తిరుమలలో, కల్యాణకట్ట దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. గుంపులో వాడు బెదురుతాడని మా ఆయన చందుని బయట బొమ్మల కొట్ల వైపు తీసుకెళ్ళారు. నేను లోపల కూర్చున్నాను. జడ ఒళ్ళో పడ్డప్పుడు నాకేం బాధ అనిపించలేదు, నిజం. తల తేలిగ్గా ఉంది, మనసు ఇంకా తేలిగ్గా ఉంది. స్నానం చేసి, గుండుకి గంధం రాసుకుని, వాడి కోసం నవ్వుతూ బయటికొచ్చాను.

చందు నా వైపు చూశాడు. నన్ను దాటి నా వెనక చూశాడు. చందూ అని పిలిచాను. గొంతు వినగానే వాడి మొహం వెలిగింది, ఆ వెలుగుతోనే చుట్టూ వెతికాడు, అమ్మ ఎక్కడ ఉందా అని. నేను దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. అటుగా పోతున్న ఎవరో ఆవిడ జడ కనపడితే పరిగెత్తి దాన్ని పట్టుకున్నాడు. ఆవిడ కేకపెట్టింది, ఆవిడ భర్త చెయ్యెత్తాడు, మా ఆయన అడ్డం పడి ఆ దెబ్బ తిన్నారు. తిరుగు ప్రయాణమంతా వాడు తోలు బ్యాగుని పొదివి పట్టుకుని కూర్చున్నాడు. ఏలూరు దాటాక నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"ఆంటీ, అమ్మ ఎప్పుడొస్తుంది?"

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. అంతకన్నా రాయలేను.

*ఆ తర్వాతి నెలలు*

ఇంట్లో నేను పెడితే అన్నం తినలేదు. నేను గదిలో ఉంటే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. మూడో రోజున ఒక సంగతి కనిపెట్టాను. వంటగదిలోంచి, కర్టెన్ వెనకనుంచి మాట్లాడితే వాడు జవాబిస్తున్నాడు. "చందూ, అన్నం తిన్నావా?" అంటే "లేదమ్మా" అంటున్నాడు. కర్టెన్ పక్కకి తీసి బయటికొస్తే నోరు మూసేస్తున్నాడు. వాడికి గొంతు అమ్మది, మనిషి అమ్మ కాదు. పాపం, ఎంత గాభరాపడ్డాడో వాడు.

అందుకని నేను కర్టెన్ వెనకే ఉండిపోయాను. వాడు లేచే వేళకి వంటగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. అత్తయ్య కంచం పెట్టేది, నేను లోపలనుంచి కబుర్లు చెప్పేదాన్ని. మిషను కూడా లోపలికే జరిపించాను. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఏవమ్మా మైలా అని అడిగేవాళ్ళు. ఏం చెప్పను. నా కొడుకుతో మాట్లాడాలంటే నేను వాడికి కనపడకూడదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ముందే ఇమ్మని ఎవరు చెప్పారని మా ఆయన తల్లి మీద విసుక్కున్నారు. ఆవిడ అలిగి రెండు పూటలు భోజనం మానేసింది. మూడో పూట వెళ్ళి తన కమ్మలు పెట్టెలో దాచిన గుడ్డలోంచి తీసి, కోడలికి సవరం కొనుక్కురా అని కొడుకు చేతిలో పెట్టింది. కమ్మలు ఆయన తీసుకోలేదుగాని సవరం మాత్రం తెచ్చారు. తలకి గుడ్డ కట్టి దాని కింద సవరం పిన్నులతో నిలబెట్టుకుని బయటికొచ్చాను. చందు దగ్గరికొచ్చాడు. జడ చివర పట్టుకుని, రెండు వేళ్ళతో నలిపి చూసి, వదిలేశాడు.

"ఇది అమ్మది కాదు" అన్నాడు. అబద్ధం చెప్పడం వాడికి రాదు, అబద్ధాన్ని పోల్చడం మాత్రం వచ్చు.

ఆ శనివారం సిగ్గు విడిచి మళ్ళీ గుడివాడ వెళ్ళాం. బెంచీ మీద కృత్తివెన్ను నుంచి వచ్చిన ఒకామె ఉంది, రొయ్యల చెరువుల మీద పని చేసుకునే మనిషి. ఆమె కూతురు పదకొండేళ్ళ పిల్ల, ఆస్పత్రిలో అందరి గాజులూ లెక్కపెడుతోంది. తల్లికి బారెడు జడ ఉంది. చందు వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, ఆ జడ చివర పట్టుకుని, భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను లేవబోయాను. ఆమె నా గుండు వైపు, వాడి వైపు చూసి, ఏం అడగకుండానే అంతా అర్థం చేసుకుంది.

"పోనీండమ్మా, పడుకోనీండి. నెలబట్టి నిద్రలేనట్టుంది బిడ్డకి" అంది.

రెండు గంటలు ఆమె కదల్లేదు. ఈగ వాలినా తోలుకోలేదు. నేను బెంచీకి ఆ చివర కూర్చుని, నా కొడుకు ఇంకొకావిడ జడ పట్టుకుని హాయిగా నిద్రపోవడం చూశాను. కుళ్ళుకున్నాను, ఒప్పుకుంటాను. అయినా ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇదంతా రాయమన్నది ఆవిడే.

మేడం నన్ను ఒక్క మాట అనలేదు. నోటుబుక్కేదని కూడా అడగలేదు. చందు ముందు కొన్ని బొమ్మల కార్డులు పెట్టి, వాటి మీద మూత కప్పి, ఒక మూల మాత్రం తెరిచి చూపించారు. గోరంత మూల కనపడితే చాలు, వాడు సైకిలు, కుక్కరు, గొడుగు అని చెప్పేస్తున్నాడు. నాకు ఒక్కటీ తెలీలేదు. తర్వాత మేం తీసుకెళ్ళిన మా ఇంట్లోవాళ్ళ ఫోటోలు మేడం మూత లేకుండా పూర్తిగా చూపించారు. వాళ్ళ నాన్న బనీనుతో ఉన్న ఫోటో చూసి వాడు నోరు మెదపలేదు.

"మన మెదడు ముందు మొత్తాన్ని చూసేస్తుందమ్మా. కుర్చీ అనుకున్నాక, దాని కాళ్ళ సంగతి తర్వాత చూస్తాం. చందు మెదడు ముక్కల దగ్గర మొదలుపెడుతుంది, వాటిని మనకన్నా బాగా చూస్తుంది. అవన్నీ కలిపి ఒకటి చేసుకోవడానికి మాత్రం దానికి టైము కావాలి. అందులో మొహాలు మరీ కష్టం. ఒక్కచోట నిలవవు కదా, నవ్వుతాయి, ఏడుస్తాయి" అన్నారు మేడం. ఇలాంటి పిల్లలందరూ ఒకేలా ఉంటారని అనుకోవద్దని, ఇది చందు సంగతి మాత్రమేనని కూడా చెప్పారు.

నాకు చటుక్కున నా బల్ల గుర్తొచ్చింది. జాకెట్టు కత్తిరించాక చేతులు, వీపు, పట్టీలు విడివిడిగా పడుంటాయి. నాకు వాటిలో జాకెట్టే కనపడుతుంది. కుట్టు రానివాళ్ళకి పీలికలు కనపడతాయి. అయితే వాడు నన్ను ఇన్నేళ్ళూ జడతో కలిపి కుట్టుకుంటున్నాడు, నేను అసలు ముక్కే తీసుకెళ్ళి దేవుడికిచ్చేశాను అన్నాను. మేడం నవ్వలేదు. పోయిన ముక్క వదిలెయ్యండి, మీలో మారనిది ఏముందో వెతకండి, మార్పు ఏదైనా వాడి కళ్ళ ముందే జరగనివ్వండి అన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ ఒత్తులు చేసుకుంటూ వింది. తర్వాత, ఇన్నేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినని మాట చెప్పింది.

"దివిసీమ ఉప్పెనప్పుడు మా అక్కని ఎట్టా పోల్చామనుకున్నావ్? మొహాలు మిగల్లేదమ్మాయ్ ఎవరికీ. కాలి మట్టెని బట్టి పోల్చాం. మా మరిదిని మొలతాడు ముడిని బట్టి. మొహమే మనిషనుకుంటారు గానీ, కాదు. నీ ఒంటి మీద నీది మాత్రమే అయింది ఏదుందో చూసుకో."

నేను నా చేతులు చూసుకున్నాను. ఎడమచేతి చూపుడువేలు. పెళ్ళికి ముందు కుట్టు నేర్చుకునేటప్పుడు మిషను సూది గోట్లోంచి దిగిపోయింది. అప్పటి నుంచీ ఆ గోరు మధ్యకి చీలి, రెండు గోళ్ళు పక్కపక్కన పెరిగినట్టు పెరుగుతుంది. చందు చంకలో ఉన్నప్పుడు ఆ చీలికలో తన గోరు పెట్టి అటూ ఇటూ రాస్తుండేవాడు. నేను విసుక్కునేదాన్ని.

మర్నాడు వాడు గుమ్మం ఇవతల పీట మీద కూర్చున్నాక, కర్టెన్ పక్కనుంచి ఆ ఒక్క వేలే బయటికి పెట్టాను. "చందూ, ఇదేంటి?" అన్నాను. మిషను మీద గడియారం కొట్టుకుంటోంది. తర్వాత గోటి చీలికలో చల్లగా ఏదో తగిలింది. వాడి గోరు.

"అమ్మ వేలు" అన్నాడు.

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను, గొంతు వణికితే వాడు మళ్ళీ బెదిరిపోతాడని. ఆ వారమంతా వేలు మాత్రమే. పై వారం చెయ్యి, గాజుల దాకా. గాజుల తర్వాత మోచెయ్యి. ప్రతి రోజూ వేలితోనే మొదలుపెట్టి, అక్కడి నుంచి కొంచెం ముందుకి. మోచేతి నుంచి భుజానికి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఒక పూట తొందరపడి చెవి కూడా చూపించాను, పీట దిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ మోచేతి దగ్గర మొదలుపెట్టాను. జాకెట్టు అయితే గంటలో అయిపోయేది. నన్ను నేను కుట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

తల చివర. అప్పటికి గుండు మీద అంగుళం జుట్టు మొలిచింది. కర్టెన్ పూర్తిగా తీసి, వేలు వాడి చేతిలో పెట్టి నిలబడ్డాను. వాడు వేలి నుంచి గాజులకి, గాజుల నుంచి భుజానికి, భుజం నుంచి చెవికి కళ్ళతో నడిచాడు. నడిచి తల దగ్గర ఆగాడు. మళ్ళీ వేలికి దిగాడు. అలా మూడు సార్లు. అత్తయ్య ఒత్తులు వదిలేసి చూస్తోంది.

"అమ్మా, ఆకలి" అన్నాడు.

ఆ పూట నేను కలిపి పెట్టిన పప్పన్నంలో ఉప్పు వెయ్యడం మర్చిపోయానని తర్వాత అత్తయ్య చెప్పింది. వాడు మారు అడిగి తిన్నాడు.

*తర్వాత*

ఒక్కసారిగా అంతా బాగుపడిందని చెప్తే అబద్ధం. గుడివాడకి శనివారాలు రెండేళ్ళు తిరిగాం. నోటుబుక్కులు మూడు నింపాను, ఈసారి జాకెట్ల కొలతలు కాదు. ప్రతి ఆదివారం వాడే టేపు తెచ్చి నా జుట్టు కొలిచేవాడు. కొత్త చీర కట్టుకుంటే వాడి ముందే కట్టుకుంటాను, కళ్ళజోడు వచ్చినప్పుడు వాడి చేత్తోనే పెట్టించుకున్నాను. వాళ్ళ నాన్న కుడి చెవి వెనక ఉన్న పులిపిరి చందు కనిపెట్టాడు, ఇరవై ఏళ్ళ కాపురంలో నేను చూడనే లేదు. ఇప్పుడు బస్టాండులో నలుగురు కండక్టర్లు ఖాకీల్లో నిలబడి ఉంటే, వాడు వెనకనుంచి వెళ్ళి చెవులు చూసుకుని క్యారేజీ ఇస్తాడు. అందరూ నవ్వుతారు, నవ్వనీండి. తోలు బ్యాగు ఇప్పుడు డ్యూటీకే వెళ్తోంది.

మీ పిల్లాడికి ఏ మేడమైనా నోటుబుక్కు ఇస్తే రాయండి. మొక్కులు మొక్కుకోవద్దని నేననను, నేనూ మానలేదు.

చందుకి పదహారు నిండిన ఏడు అత్తయ్య తన మొక్కు బయటపెట్టింది. వాడు నన్ను పోల్చుకుంటే తన తలనీలాలిస్తానని ఎప్పుడో మొక్కుకుందట, ఎవరికీ చెప్పకుండా. ఈసారి పని అయ్యాకే ఇస్తున్నాను, నాకు బుద్ధొచ్చింది అంది. అందరం మళ్ళీ ద్వారకా తిరుమల వెళ్ళాం. ఈసారి చందుని బయట ఉంచలేదు. నాయనమ్మ ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టాం. మంగలి కత్తి పెట్టిన దగ్గర్నుంచి చివరి పాయ రాలేదాకా వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆవిడ గంధం రాసుకుని లేచి, నేనెవర్నిరా అంటే, నాయనమ్మ అన్నాడు. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

అప్పుడు నన్ను చూశాడు. నా జుట్టు అప్పటికి భుజాల దాకా వచ్చింది. నాయనమ్మ లేచిన చోటు ఖాళీగా ఉంది, మంగలి నా వైపు చూసి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. చందు చటుక్కున మధ్యలోకి వచ్చి, నా ఎడమచెయ్యి అందుకుని, చూపుడువేలిని పిడికిట్లో దాచేశాడు.

"జుట్టు ఇచ్చుకో" అన్నాడు. "వేలు ఇవ్వకు."

ఇవ్వను నాన్నా అన్నాను. ఇంటికొచ్చేదాకా వాడు పిడికిలి విప్పలేదు.